యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటినా కొరియా, జపాన్‌ల గొడవ ఎందుకు తెగడం లేదు?

గుణుపురం కుర్రోడు
అందరికీ నమస్కారం. ఇక్కడ చరిత్ర బాగా చదివినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. జపాన్ 1910లో కొరియాను కలిపేసుకుంది, 1945లో ఓడిపోయి వదిలేసింది. 1965లో దక్షిణ కొరియాతో ఒప్పందం చేసుకుని 30 కోట్ల డాలర్లు ఉచితంగా, 20 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చింది. పాత లెక్కలన్నీ పూర్తిగా తీరిపోయాయని ఇద్దరూ సంతకాలు పెట్టారు. అయినా 2018 అక్టోబర్‌లో కొరియా సుప్రీంకోర్టు యుద్ధకాలంలో బలవంతంగా పనిచేయించుకున్నందుకు ఒక జపాన్ ఉక్కు కంపెనీ నలుగురికి తలా 10 కోట్ల వోన్‌లు కట్టాలని తీర్పిచ్చింది. మరుసటేడు జూలైలో జపాన్ చిప్‌ల తయారీకి కావాల్సిన మూడు రసాయనాల ఎగుమతి బిగించింది. ఇది దేశభద్రత విషయం, చరిత్రకు సంబంధం లేదని జపాన్ అన్నా కొరియాలో ఎవరూ నమ్మలేదు. జనం జపాన్ బట్టలు, బీరు కొనడం మానేశారు. రెండు దేశాలూ అమెరికాకు మిత్రులే, రెండింటికీ ఉత్తర కొరియా భయం ఉంది. మరి తాతల కాలం నాటి లెక్క కోసం ఇంత దూరం ఎందుకు వెళ్లారు? తప్పెవరిదని అడగడం లేదు, ఇది ఎందుకు తెగదు అనేదే నా ప్రశ్న.

కోరాపుట్ కాఫీ
నా మట్టుకు నాకు ఇందులో కొరియాదే తప్పు. డబ్బు తీసుకున్నారు, సంతకం పెట్టారు. యాభై ఏళ్ల తర్వాత కోర్టు వచ్చి అది చెల్లదంటే ఇక ఏ దేశం ఎవరితో ఒప్పందం చేసుకుంటుంది?

రాయగడ లాయర్
తమ్ముడూ, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో చూడకుండా ఈ గొడవ అర్థం కాదు. అప్పటి పాలకుడు పార్క్ చుంగ్-హీ, సైన్యం నుంచి వచ్చిన మనిషి. దేశం బీదగా ఉంది, పెట్టుబడి కావాలి. జపాన్ డబ్బులో పెద్ద భాగం పోస్కో ఉక్కు కర్మాగారానికి, సియోల్ నుంచి బుసాన్ వెళ్లే హైవేకి, అలాంటి పనులకి పోయింది. దేశం బాగుపడింది, కాదనను. కానీ గనుల్లో, ఫ్యాక్టరీల్లో చాకిరీ చేసిన మనిషికి ఏమొచ్చింది? 1975 నుంచి 77 వరకు చనిపోయినవాళ్ల కుటుంబాలకు మాత్రం మనిషికి 3 లక్షల వోన్‌లు ఇచ్చారు. బతికి తిరిగొచ్చినవాళ్లకి అదీ లేదు. 1964లో ఈ ఒప్పందం వద్దని విద్యార్థులు రోడ్డెక్కితే పార్క్ సియోల్‌లో మార్షల్ లా పెట్టి అణిచేశాడు. అంటే సంతకం పెట్టినప్పుడే సొంత జనం ఒప్పుకోలేదు. ఒప్పందం చర్చల కాగితాలు బయటికి వచ్చింది 2005లో. నలభై ఏళ్లు జనానికి తెలియకుండా దాచిన లెక్క అది.

2018 తీర్పులో కోర్టు చెప్పింది కూడా 1965 ఒప్పందం చెల్లదని కాదు. అక్రమ వలస పాలనలో మనుషులను హింసించినందుకు రావాల్సిన నష్టపరిహారం ఆ ఒప్పందం పరిధిలోకే రాలేదని చెప్పింది. జపాన్ దీన్ని ఒప్పుకోదు, అన్నీ అందులోకే వస్తాయంటుంది. చట్టం తెలిసిన మంచి మనుషులే రెండు వైపులా ఉన్నారు. తీర్పు వచ్చే నాటికి ఆ నలుగురిలో ఒక్కరే బతికి ఉన్నారు, ఆయనకి తొంభై నాలుగేళ్లు. కేసు గెలిచినట్టు తెలుసుకోవడానికి మిగతా ముగ్గురు లేరు.

కోరాపుట్ కాఫీ
లాయరు గారూ, డబ్బు పంచకపోవడం కొరియా ప్రభుత్వం చేసిన అన్యాయం. దానికి జపాన్ రెండోసారి ఎందుకు కట్టాలి? ఇంకో మాట. ప్రభుత్వం మారినప్పుడల్లా ఒప్పందం మారిపోతే అవతలివాడు ఇక క్షమాపణ చెప్పడం కూడా మానేస్తాడు. జపాన్‌లో మామూలు జనం ఇప్పుడంటున్నది అదే కదా, ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతారని. వాళ్ల విసుగులోనూ అర్థముంది. 1993లో సైన్యం కోసం ఆడవాళ్లను బలవంతపెట్టారని ఒప్పుకున్న కోనో ప్రకటన, 1995లో ప్రధాని మురయామ క్షమాపణ, 2015లో మళ్లీ ఒప్పందం. ఇంకేం చేయాలి?

జయపురం నర్సు
2015 ఒప్పందం గురించి నేను చెప్తాను, ఎందుకంటే దీన్ని చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

జపాన్ సైన్యం కోసం కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా ఇంకా చాలా చోట్ల నుంచి ఆడవాళ్లను తీసుకెళ్లి లైంగిక బానిసలుగా ఉంచారు. వాళ్లలో చాలామంది పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. యుద్ధం అయ్యాక ఇళ్లకు వచ్చినవాళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. ఊరు ఏమంటుంది, పెళ్లి ఎవరు చేసుకుంటారు అనే భయం. ఈ భయం ఎలా ఉంటుందో మన వైపు ఆడవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టులో కిమ్ హక్-సున్ అనే ఆవిడ మొదటిసారి సొంత పేరుతో, సొంత ముఖంతో టీవీ ముందుకొచ్చి నాకు ఇలా జరిగింది అని చెప్పింది. అప్పటికి ఆవిడ వయసు అరవై దాటింది. మరుసటేడు జనవరి నుంచి సియోల్‌లో జపాన్ ఎంబసీ ముందు ప్రతి బుధవారం నిరసన మొదలైంది. 2011 డిసెంబర్‌లో వెయ్యో నిరసన రోజున అక్కడ ఒక అమ్మాయి కుర్చీలో కూర్చున్న విగ్రహం పెట్టారు.

ఇక 2015 డిసెంబర్ 28న జపాన్ ప్రధాని అబే ప్రభుత్వం, కొరియా అధ్యక్షురాలు పార్క్ గున్-హే ప్రభుత్వం కలిసి ఒప్పందం ప్రకటించాయి. 100 కోట్ల యెన్‌లు ఇస్తాం, ఇదే ఆఖరు, ఇక ఎప్పటికీ ఎత్తకూడదు అన్నారు. ఆ విగ్రహం గురించి కూడా చూసుకుంటామని కొరియా చెప్పింది. అయితే ఈ మాటలు నడుస్తున్నప్పుడు బతికి ఉన్న ఆ ముసలమ్మలను కూర్చోబెట్టి అమ్మా మీకేం కావాలి అని అడగలేదు. కొందరు డబ్బు తీసుకున్నారు, వాళ్లను తప్పుపట్టను, ఆ వయసులో మందులకైనా కావాలి. కొందరు ముట్టుకోలేదు. ఏడాది తిరిగేసరికి బుసాన్‌లో ఇంకో విగ్రహం లేచింది, జపాన్ రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. 2018లో కొరియాలో తర్వాత వచ్చిన మూన్ ప్రభుత్వం ఆ డబ్బుతో పెట్టిన ఫౌండేషన్‌నే మూసేస్తామంది.

కాఫీ అన్నా, ఇంకేం చేయాలి అని అడిగావు కదా. ఎవరికి నొప్పి కలిగిందో వాళ్లను గదిలోకి రానివ్వాలి. 1965లో రానివ్వలేదు, 2015లో రానివ్వలేదు. అందుకే రెండూ తిరగబడ్డాయని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గుణుపురం కుర్రోడు
అక్కా, ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. ఇంకో సందేహం. టోక్యోలోని యాసుకుని గుడికి జపాన్ ప్రధాని వెళ్లడం మీద చైనా కూడా అంత మండిపడుతుంది కదా. చనిపోయిన సైనికులకు దండం పెట్టుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. అందులో ఏముంది?

పర్లాకిమిడి మాస్టారు
బాబూ, అక్కడ దాదాపు 24 లక్షల 60 వేల మందిని పూజిస్తారు. గుడి 1869 నాటిది, వాళ్లంతా జపాన్ యుద్ధాల్లో పోయినవాళ్లు. మామూలు సైనికుల గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. 1978లో యుద్ధం అయ్యాక గెలిచిన దేశాలు జపాన్ నాయకుల మీద నడిపిన టోక్యో విచారణలో పెద్ద నేరస్థులుగా నిలబడిన 14 మందిని కూడా గుట్టుగా ఆ జాబితాలో చేర్చారు, అందులో యుద్ధకాలపు ప్రధాని తోజో ఒకడు. చిక్కంతా అక్కడుంది. జపాన్ చక్రవర్తి 1975 తర్వాత ఆ గుడికి వెళ్లనేలేదు. కొయిజుమి ప్రధానిగా ఉన్న 2001 నుంచి 2006 వరకు ఏటా వెళ్లాడు, ఆ రోజుల్లో చైనాతో పెద్దల రాకపోకలే దాదాపు ఆగిపోయాయి. 2013 డిసెంబర్‌లో అబే వెళ్తే అమెరికా కూడా నిరాశ కలిగిందని బయటికే చెప్పింది.

మన దేశానికి ఇందులో ఒక సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. టోక్యో విచారణలో మన జడ్జి రాధాబినోద్ పాల్. పదకొండు మంది జడ్జిల్లో నిందితులందరూ నిర్దోషులని రాసింది ఆయన ఒక్కడే. గెలిచినవాడు ఓడినవాడిని కొత్తగా చేసిన చట్టంతో విచారించడం న్యాయం కాదని ఆయన వాదన. యాసుకునిలో 2005లో ఆయనకు స్మారకం కట్టారు. 2007లో అబే ఇండియా వచ్చినప్పుడు కోల్‌కతా వెళ్లి ఆయన కొడుకుని కలిశాడు. అయితే పాల్ గారు చైనాలోని నాన్‌జింగ్‌లో, మరోచోట జపాన్ సైన్యం చేసిన ఘోరాలు జరగలేదని ఎక్కడా అనలేదు. సాక్ష్యాలు బలంగా ఉన్నాయనే రాశారు. జపాన్‌లో కొందరు మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేస్తారు. ఒక జడ్జి తీర్పును ఇలా సగానికి కోసి వాడుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పాఠ్యపుస్తకాల గొడవ కూడా ఇదే తీరు. 1982లో చైనా మీద దండయాత్రను పుస్తకాల్లో మెత్తబరుస్తున్నారని బీజింగ్, సియోల్ రెండూ లేచాయి. చివరికి పొరుగు దేశాల మనసును దృష్టిలో పెట్టుకుని రాస్తామని జపాన్ ఒక నియమం పెట్టుకుంది. 2005లో మళ్లీ అదే, చైనా నగరాల్లో రాళ్లు రువ్వడం దాకా వెళ్లింది.

కోరాపుట్ కాఫీ
చైనా మాట వచ్చింది కాబట్టి అంటున్నా. 1972లో జపాన్‌తో కలిసినప్పుడు యుద్ధ పరిహారం అక్కర్లేదని చైనాయే రాసిచ్చింది. తర్వాత తొంభైల నుంచి స్కూళ్లలో దేశభక్తి పాఠాలు పెంచి అదే గాయాన్ని రేపింది. అక్కడి జనం బాధ నిజమే, కానీ ప్రభుత్వం దాన్ని కావాల్సినప్పుడు తెరుస్తుంది, అక్కర్లేనప్పుడు మూస్తుంది. జపాన్ నాయకుడు ఓట్ల కోసం గుడికెళ్తే అవతల నాయకుడు జెండాలు పట్టిస్తాడు. మన కొటియా ఊళ్లలోనూ చూస్తున్నాం కదా, ఎన్నికలు దగ్గరపడితే ఆంధ్రా వాళ్లకి, ఒడిశా వాళ్లకి సరిహద్దు గుర్తొస్తుంది.

రాయగడ లాయర్
కొటియాని ఇందులోకి లాగొద్దు అన్నా. అక్కడ ఎవరూ ఎవరినీ ఊచకోత కోయలేదు. రెండు రాష్ట్రాల నుంచీ రేషన్ వస్తుందని సంతోషపడే ఇళ్లున్నాయి. ఎన్నికల గురించి మాత్రం నువ్వన్నది నిజం.

బరంపురం బట్టల కొట్టు
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, ఒక్క మాట అడగాలి. మనవాళ్లకి ఏం జరిగిందో ఎవరైనా మాట్లాడతారా?

మా తాతయ్యలు గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగం, అంటే బర్మా వెళ్లినవాళ్లు. గంజాం, శ్రీకాకుళం, విశాఖ నుంచి ఎన్ని వేల కుటుంబాలు అలా రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లాయో. 1942లో జపాన్ బర్మా మీద పడగానే అక్కడి ఇండియన్లు లక్షల్లో కాలినడకన అడవులు దాటి వచ్చారు. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్లు వేలల్లో. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు వేసింది. ఇక మలయా రబ్బరు తోటల్లో ఉన్న తమిళులను, తెలుగువాళ్లను థాయ్‌లాండ్-బర్మా రైలు మార్గానికి తోలుకెళ్లారు. 415 కిలోమీటర్ల లైను. తెల్ల ఖైదీలు 12 వేల మందికి పైగా చనిపోయారు, కాంచనబురిలో వాళ్లకి పేర్లు చెక్కిన రాళ్లతో తీర్చిదిద్దిన శ్మశానం ఉంది, దాదాపు 7 వేల సమాధులు. ఆసియా కూలీలు చనిపోయింది దానికి ఎన్నో రెట్లు, 90 వేల దాకా అని అంచనా. వాళ్లకి పేర్లు లేవు, రాళ్లు లేవు.

ఇండియా 1952లో జపాన్‌తో విడిగా శాంతి ఒప్పందం చేసుకుని పరిహారం వదిలేసింది. నెహ్రూ గారి ఆలోచన పెద్దదే, ఓడినవాడిని ఇంకా తొక్కకూడదని. ఆ స్నేహం మనకి మేలు చేసింది కూడా. కానీ అప్పుడు కూడా ఆ కూలీల ఇళ్లకి వెళ్లి ఎవరూ అడగలేదు. మనకి జపాన్‌తో గొడవ లేకపోవడానికి కారణం మనం క్షమించడం కాదు, మనవాళ్లు బీదవాళ్లు కావడం. వాళ్ల తరఫున ఏ ఎంబసీ ముందూ ఎవరూ కూర్చోలేదు. కొరియా వాళ్లు ఇంకా పట్టుకుని వేలాడుతున్నారని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పట్టుకున్నారు కాబట్టే ఆ ముసలమ్మల పేర్లు ప్రపంచానికి తెలిశాయి.

జయపురం నర్సు
బాబాయ్ గారూ, ఈ పోస్టు మా పిల్లలకి చదివి వినిపించాను.

పర్లాకిమిడి మాస్టారు
మీరన్న దానికి ఇంకో కారణం కలపాలి. నేతాజీ. కటక్‌లో పుట్టినవాడు, జపాన్ సాయంతో ఆజాద్ హింద్ ఫౌజ్ నడిపాడు. అందుకే మన ఇళ్లలో జపాన్ అంటే శత్రువనే మాట రాదు. అదే జపాన్ సైన్యం 1944 జనవరిలో అండమాన్‌లో హోమ్‌ఫ్రేగంజ్ దగ్గర 44 మంది భారతీయులను గూఢచారులని కాల్చి చంపింది. వాళ్లలో స్వాతంత్ర్యం కోసం నేతాజీ వైపు నిలబడినవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ నిజమే, రెండూ ఒకే పుస్తకంలో ఉండాలి. నేను పాఠం చెప్పిన రోజుల్లో రెండోది సిలబస్‌లో లేదు, విడిగా చెప్పేవాడిని.

మోటు రైతు
నేను మల్కనగిరి జిల్లా నుంచి. మా చుట్టుపక్కల ఎం.వి. (మల్కనగిరి విలేజ్) నంబర్లతో ఉన్న ఊళ్లన్నీ తూర్పు బెంగాల్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లవి, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద వేసిన కాలనీలు. సంతలో వాళ్ల చేపలు, కూరగాయలు, మా వడ్లు, మిర్చి. మా పిల్లలకి తెలుగు, ఒడియా, బెంగాలీ మూడూ వచ్చు. వాళ్లు దాదాపు అందరూ 1971కి ముందే వచ్చినవాళ్లు, కానీ చుట్టాలు అక్కడే ఉండిపోయారు. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మొదలుపెట్టిన ఊచకోతలో ఎవరి అన్న, ఎవరి మేనత్త పోయారో ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

మీరంతా కొరియా, జపాన్ అంటున్నారు, మన పక్కనే అదే కథ నడుస్తోంది. 1974 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూడూ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. 1971 యుద్ధంలో పట్టుబడిన 93 వేల మంది పాకిస్తాన్ ఖైదీలు వెనక్కి వెళ్లే పని అప్పటికే నడుస్తోంది. వాళ్లలో 195 మంది మీద యుద్ధ నేరాల కేసు నడపాలని ఢాకా పట్టుబట్టింది, చివరికి ఆ ఒప్పందంలో అది వదిలేసింది. నేరాలు జరిగి ఉంటే అందుకు విచారం తెలుపుతున్నాం అన్నట్టు పాకిస్తాన్ ఒక వాక్యం రాసింది. 2002లో ముషారఫ్ ఢాకా వచ్చి విచారం అన్నాడు. 2013లో బంగ్లాదేశ్ 1971 నేరాలకు అబ్దుల్ ఖాదర్ ముల్లాను ఉరి తీస్తే పాకిస్తాన్ పార్లమెంటు దాని మీద తీర్మానం చేసింది, ఢాకా మండిపడి రాయబారిని పిలిచి నిలదీసింది. తర్వాత ఒకరి అధికారులను ఒకరు పంపించేసుకున్నారు. 2024లో బంగ్లాదేశ్ ప్రధాని హసీనా పదవి పోయాక రెండు దేశాలూ మళ్లీ దగ్గరవుతున్నాయి కదా, అయినా 2025 ఆగస్టులో పాకిస్తాన్ మంత్రి ఇషాక్ దార్ ఢాకాలో నిలబడి ఈ విషయం 74లోనే ఒకసారి, ముషారఫ్ వచ్చినప్పుడు ఇంకోసారి తీరిపోయిందంటే, స్నేహం కోరుకుంటున్న ఢాకా ప్రభుత్వమే మేం ఒప్పుకోం అని చెప్పింది.

కోరాపుట్ కాఫీ
అక్కడ అంకెల గొడవ కూడా ఉంది కదా. 30 లక్షలని బంగ్లాదేశ్, అంత కాదని పాకిస్తాన్. నాన్‌జింగ్ విషయంలోనూ 3 లక్షలని చైనా, టోక్యో విచారణ 2 లక్షలకు పైగా అంది, జపాన్‌లో కొందరు ఇంకా తక్కువంటారు. ముందు అంకె తేలితే మిగతాది తేలుతుందేమో.

మోటు రైతు
అంకె తేల్చాల్సింది చరిత్రకారులు. తేల్చనీయండి, అందుకు ఆర్కైవులు తెరవాలి. కానీ 30 లక్షలు కాదు 5 లక్షలే అని నిరూపించినంత మాత్రాన క్షమాపణ అక్కర్లేదా? అంకె మీద వాదన ఎప్పటికీ సాగేలా చూసుకుంటే అసలు మాట ఎప్పటికీ చెప్పనక్కర్లేదు. చాలాచోట్ల ఇదే జరుగుతోందని నాకనిపిస్తుంది.

గుణుపురం కుర్రోడు
ఎక్కడైనా ఇది సర్దుకున్న ఉదాహరణ ఉందా మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు
పూర్తిగా సర్దుకున్నది అంటే చెప్పలేను, బాగా ముందుకెళ్లింది జర్మనీ, పోలండ్. 1970 డిసెంబర్ 7న వార్సాలో యూదుల స్మారకం ముందు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పట్లో సొంత దేశంలో సర్వే చేస్తే 48 శాతం మంది అది అతి అన్నారు, సరైనదే అన్నవాళ్లు 41 శాతం. అంటే ఓట్లు పోతాయని తెలిసి చేసిన పని. కానీ నాకు అంతకంటే విలువైనది 1972లో మొదలైన పాఠ్యపుస్తకాల కమిషన్. రెండు దేశాల చరిత్ర ఉపాధ్యాయులు, ప్రొఫెసర్లు కూర్చుని ఒకరి పుస్తకం ఒకరు దిద్దుకున్నారు, అదీ ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో. చివరికి ఇద్దరి పిల్లల కోసం రాసిన ఒకే చరిత్ర పుస్తకం 2016 నుంచి 2020 మధ్య వచ్చింది. దాదాపు యాభై ఏళ్లు పట్టింది. జపాన్, కొరియా కూడా 2002 నుంచి 2010 దాకా ఉమ్మడి పరిశోధన చేశాయి, కానీ పుస్తకాల దాకా రాలేదు, అక్కడితో ఆపేశాయి.

కోరాపుట్ కాఫీ
అంత చేసినా 2022లో పోలండ్ ప్రభుత్వం 6.2 ట్రిలియన్ జ్లోటీలు కట్టమని జర్మనీని అడిగింది మాస్టారూ. 1953లో వదులుకున్నామన్న పరిహారమే. మరి దీనికి అంతెక్కడ?

పర్లాకిమిడి మాస్టారు
అడిగింది. జర్మనీ ఇవ్వననింది. అయినా రాయబారులను వెనక్కి పిలిపించుకోలేదు, సరుకులు ఆపుకోలేదు. గొడవ ఉండొచ్చు బాబూ, ఆ గొడవ మిగతా సంబంధాలన్నింటినీ కూల్చకుండా ఉంటే చాలు. దానికి కింద ఉపాధ్యాయులు, కుర్రాళ్లు, ఊళ్ల మధ్య స్నేహాలు ఉండాలి. అవి లేకుండా పైన ఇద్దరు నాయకులు కరచాలనం చేసుకుంటే ఆ నాయకులతోనే పోతుంది.

రాయగడ లాయర్
కొరియాలో ఇప్పుడు ఇదే పరీక్ష. 2019లో జపాన్ నమ్మకమైన దేశాల జాబితా నుంచి కొరియాను తీసేసింది, కొరియా సైనిక సమాచారం పంచుకునే ఒప్పందమే రద్దు చేస్తానని నవంబర్‌లో చివరి నిమిషంలో ఆగింది. 2023 మార్చిలో అప్పటి కొరియా అధ్యక్షుడు యూన్ ఆ కూలీల పరిహారం కొరియా ఫౌండేషనే ఇస్తుందన్నాడు, పోస్కో 400 కోట్ల వోన్‌లు వేసింది. అంటే 1965 డబ్బుతో పెరిగిన కంపెనీ ఇన్నాళ్లకు కట్టింది. జపాన్ ఆంక్షలు ఎత్తేసింది. కానీ కేసు ఓడిన జపాన్ కంపెనీలు ఆ ఫౌండేషన్‌కి పైసా వేయలేదు, బాధితుల్లో కొందరు ఆ డబ్బు మాకొద్దన్నారు. 2024 నవంబర్‌లో యుద్ధకాలంలో కొరియన్లతో పనిచేయించిన సాదో గని దగ్గర జపాన్ స్మారక సభ పెడితే కొరియా వెళ్లలేదు. అప్పుడు ప్రతిపక్షంలో ఉండి యూన్‌ను తిట్టిన లీ జే-మ్యుంగ్ 2025లో అధ్యక్షుడయ్యాక వాషింగ్టన్ కంటే ముందు టోక్యో వెళ్లాడు, పాత ఒప్పందాలను తిరగదోడనన్నాడు. కాఫీ అన్న కోరుకున్న స్థిరత్వం ఇది. మంచిదే. కోర్టులో గెలిచిన మనుషుల ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు.

కోరాపుట్ కాఫీ
ఒప్పందం మాటకు కట్టుబడాలన్నది నా మాట, అది మారదు. బాధితులను గదిలో కూర్చోబెట్టి చేసి ఉంటే కట్టుబడటం సులువయ్యేదన్న నర్సు గారి మాటకీ నాకు అభ్యంతరం లేదు.

గుణుపురం కుర్రోడు
మోటు అన్నా, ఆఖరిది. రేపు పాకిస్తాన్ నిజంగా క్షమాపణ చెప్తే మీ ఎం.వి. ఊళ్లలో వాళ్లు సరే అంటారా?

మోటు రైతు
అందరి తరఫునా చెప్పలేను తమ్ముడూ. నాతో మాట్లాడే పెద్దవాళ్లు డబ్బు ఊసే ఎత్తరు. పాకిస్తాన్ బడి పుస్తకంలో 1971లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయమంటారు. లాహోర్‌లో పదో తరగతి పిల్లవాడు చదివేలా. ఆ తర్వాత మంత్రి వచ్చి చెప్పినా, చెప్పకపోయినా ఫర్వాలేదంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.